రెడాక్సైడ్ కాకా

మొన్న ఇంటి గేటుకు వేయడానికి ఒక లీటరు రెడాక్సైడ్ కొందామని పటాన్‌చెరులో హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. సేటు డబ్బాను కౌంటరు మీద పెట్టి, దాని మీది దుమ్ము తుడుస్తూ, "మీ కాకా పోయిండు గద సారూ, ఎరుకేనా?" అన్నాడు.

ఏ కాకా అని అడగలేదు. ఈ చుట్టుపక్కల నేను కాకా అని పిలిచేవాళ్లు తక్కువలో తక్కువ రెండు లారీల మంది ఉంటారు. కానీ ఎర్ర ప్రైమర్ డబ్బా తుడుస్తూ చెప్పదగిన కాకా ఒక్కడే.

"ఎప్పుడు?"

"నెల దాటింది. లక్డారంలనే. తిని పండుకున్నడట, పొద్దుగాల లేవలే."

నేను డబ్బా తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. గేటు అలాగే ఉంది.

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నా నోట్లో పడితే పిల్లి పులి అవుతుంది, చినుకు వరద అవుతుంది, మా ఆవిడ అన్న ఒక మాట రామరావణ యుద్ధం అవుతుంది. కాబట్టి కింద చెప్పేవాటిలో సగం తగ్గించుకుని చదివినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక్కదాన్ని మాత్రం తగ్గించకండి. ముప్పై ఏళ్లు తుప్పును పట్టి పట్టి వేటాడిన ఆ మనిషి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అరచేయంత తుప్పును కాపాడుకుందామని చూశాడు. దాన్ని ఉంచవచ్చో తీసెయ్యాలో చెప్పే ఉద్యోగం అప్పుడు నాది. అది చెప్పడానికే ఇదంతా. కానీ తిన్నగా అక్కడికి పోలేను. ముందు మనిషిని చూపించాలి.

ఎనభైల చివర. మాది ఇనుప ట్యాంకులు తయారుచేసే షెడ్డు. నేను అప్పుడే డిప్లొమా పాసై వచ్చిన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. చేతిలో టార్చి, జేబులో పసుపు చాక్‌పీసు, మూతి మీద ఇంకా రాని మీసం. ఈ మూడింటి బలంతో షెడ్డు మొత్తం నా కనుసన్నల్లో నడుస్తోందని నేను అనుకునేవాణ్ణి. నేను అలా అనుకుంటున్నానన్న సంగతి షెడ్డుకు తెలియదు.

మా గాలి సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో పటాన్‌చెరు గాలిలో పులుపు ఉండేది. చుట్టూ రసాయనాల ఫ్యాక్టరీలు. పొద్దున్నే నాలుక బయటపెట్టి పది అడుగులు వేస్తే గిన్నెడు చారు తాగినట్టే. సాయంత్రం ఇంటికి తాళం వేస్తే, పొద్దున దాన్ని తాళంచెవితో కాదు, సుత్తితో అడగాలి. అటువంటి ఊళ్లో ఇనుము మీద రంగు నిలబెట్టడమంటే మే నెలలో నడిరోడ్డు మీద ఐసుగడ్డకు కాపలా కాయడమే. ఆ కాపలాదారు కాకా.

ఆయనకు మస్టరులో ఒక పేరు ఉండేది. దానితో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. మనిషి అసలు రంగేమిటో కన్నతల్లికి తెలిసి ఉండాలి, మాకైతే తెలియదు. కనుబొమ్మల నుంచి కాలిగోళ్ల దాకా రెడాక్సైడే. మీసం మాత్రం నల్లగా, రెండు చెంపలనూ ఆక్రమించుకుని, అనుమతి ఇస్తే చెవుల దాకా పోదామన్నట్టు ఉండేది. ఆయన సైకిలుకు హ్యాండిలు, మడ్‌గార్డు, క్యారియరు, ఆఖరికి గంటకు కూడా రెండు కోట్లు రెడాక్సైడ్ కొట్టాడు. ఆ గంట ట్రింగుమనడం మానేసి, ఎవరో దుప్పటి కప్పుకుని దగ్గినట్టు దగ్గేది. "మోగకుంటే మాయె, తుప్పు పట్టదు గద," అనేవాడు.

ఎక్కడ ఇనుము కనిపిస్తే అక్కడ వేలితో తట్టి చెవి పెట్టేవాడు. పెళ్లికి పోతే భోజనం కంటే ముందు ఇనుప కుర్చీలను తిరగేసి చూసేవాడు, వాటిలో మనుషులు కూర్చుని ఉన్నా సరే. ఒకసారి సంగారెడ్డి నుంచి నేనూ ఆయనా ఒకే బస్సులో వస్తున్నాం. ఆయన కిటికీ పక్క. జేబులోంచి ఎమెరీ కాగితం ముక్క తీసి కిటికీ కమ్మీని రుద్దడం మొదలుపెట్టాడు. కంది ఊరు దాటేసరికి కమ్మీ వెండి గిన్నెలా మెరుస్తోంది. కండక్టరు వచ్చి, "ఏం జేస్తున్నవ్ పెద్దాయనా?" అన్నాడు.

"నీ బస్సుకు తానం పోస్తున్న. ఇంక నన్నే టికెట్ అడుగుతవా?"

"అడుగుత. మిగతా కమ్మీలు నీ అయ్య రుద్దుతడా?"

కాకా నవ్వుతూ టికెట్ తీసుకున్నాడు. దిగేలోపు రెండో కమ్మీ కూడా సగం అయింది.

తుప్పు ఆయన లెక్కలో మూడు రకాలు. పిండి తుప్పు, పొక్కు తుప్పు, పుండు తుప్పు. పిండి తుప్పు తుడిస్తే పోతుంది. పొక్కు తుప్పును సుత్తితో కొట్టి, తీగల బ్రష్షుతో గీకాలి. పుండు తుప్పు ఇనుములోకి గుంట చేసుకుని కూర్చుంటుంది, దానికి బ్రష్షు అందదు. దానికి మందు. ఆ మందు పుల్లటి వాసన వేసే పచ్చటి నీళ్లలా ఉండేది. తుప్పు మీద రాస్తే కాసేపటికి ఎర్రదనం చచ్చి, నల్లటి పొరలా బిగుసుకుంటుంది. దాని మీద ప్రైమర్ పడితే ఇక గాలీ నీళ్లూ లోపలికి పోవు. కానీ మందు గుంటలకే. చదునుగా ఉన్న చోట గీకకుండా మందు రాసేవాణ్ణి కాకా మనిషిగా లెక్కపెట్టేవాడు కాదు. "లోపల చీము పెట్టుకొని పైన పౌడర్ కొట్టుకున్నట్టు. ఇయాల మంచిగనే కనవడ్తది. రెండు వానలు పోనీ, పొంగుతది," అనేవాడు.

గీకడం అయ్యాక తెల్లగుడ్డతో తుడిచి చూపించేవాడు. గుడ్డ మీద మచ్చ పడితే మళ్లీ మొదటికి. మచ్చ లేకపోతే నన్ను పిలిచేవాడు. నేను టార్చి వేసి, గంభీరంగా ముఖం పెట్టి, 'పాస్' అనాలి. అన్న నాలుగు గంటల్లోపు ప్రైమర్ పడాలి. లేకపోతే మా గాలి ఊరుకోదు.

ఇక అన్నింటికంటే పెద్ద చట్టం: శుభ్రం చేసిన ఇనుము మీద ఒట్టి చెయ్యి పెట్టరాదు. దేవుడి గర్భగుడిలోకైనా చెప్పులతో పోవచ్చునేమో గానీ ఇది మాత్రం కూడదు. షెడ్డులో ఎవరు కొత్తగా చేరినా కాకా ముందు ఒక పని చేయించేవాడు. నాకూ చేయించాడు. తళతళలాడేలా గీకిన ఒక రేకు ముక్క తెచ్చి, "పెట్టు సారూ చెయ్యి," అన్నాడు. పెట్టాను. ఏమీ కనిపించలేదు. "రేపు పొద్దుగాల సూడు." మర్నాడు పొద్దున చూస్తే నా అయిదు వేళ్లూ, అరచేయీ ఆ రేకు మీద ఎర్రగా నిలబడి ఉన్నాయి. "ఇగో, నీ దస్కతు. చేతుల ఉప్పుంటది సారూ. మనకు కనవడదు, ఇనుముకు కనవడ్తది."

గుర్తు చూసి చెయ్యెవరిదో చెప్పేసేవాడు. "ఇది క్రేన్ నడిపెటోనిది. పొద్దుగాల మామిడికాయ తొక్కు తిన్నడు," అనేవాడు. తొక్కు మాట నిజమో కాదో నేను విచారించలేదు. చెయ్యి మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

కాకా భార్య కూడా మా షెడ్డులోనే పని. గీకిన ఇనుమును థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచే పని ఆమెది. పాతచీర పేలికలు రెండు చేతులకూ చుట్టుకుని చేసేది. షెడ్డు మొత్తానికి చిన్నమ్మ. లక్డారం నుంచి రోజూ ఆ దగ్గే గంట సైకిలు వెనక, సద్ది గిన్నె ఒళ్లో పెట్టుకుని, రాణి ఏనుగు మీద వచ్చినట్టు వచ్చేది. చిన్నప్పుడు కొడవలి కోసుకుని ఎడమచేతి చిటికెనవేలు లోపలికి వంగిపోయింది. నాలుక మాత్రం ఎక్కడా వంగలేదు. షెడ్డులో కాకాను మాటతో పడగొట్టగలిగిన ఒకే ఒక్క ప్రాణి ఆమె.

"ఇనుముకు చేసే సేవల పావు వంతు నాకు చేస్తే, నేను గూడ తళతళ మెరుస్తుంటి," అనేది అందరూ వినేలా.

"నీకేం తుప్పు పట్టిందే?"

"పట్టనిస్తే గద! పొద్దు పొడిస్తే రుద్దుడు, పొద్దు గూకితే రుద్దుడు. తుప్పుకు తీరిక దొరకాలె నన్ను పట్టనీకి."

మధ్యాహ్నం డ్రమ్ముల వెనక కూర్చుని తినేవారు. తినే ముందు కాకా ఆమె చేతుల మీద నీళ్లు పోసి, సబ్బుతో థిన్నర్ వాసన పోయేదాకా తోమేవాడు. తిన్న తర్వాత పగిలిన వేళ్లకు కొబ్బరినూనె రాసేవాడు. నేను ఒకరోజు చూసి కొంటెగా దగ్గాను. "పగిలిన చేతులతోటి తుడిస్తే గుడ్డ పట్టుకుంటది సారూ. పని ఖరాబైతది," అన్నాడు చాలా సీరియస్‌గా. "అవ్ సారూ, పని కోసమే," అంది ఆమె, నాకంటే కొంటెగా.

ఇప్పుడు ఆ రోజు.

పెద్ద ట్యాంకు. ఎక్కడో దూరపు కంపెనీది. వాళ్ల కాగితాల్లో మొదటి నుంచి చివరి దాకా ఒకటే మాట: రంగు కింద తుప్పు చుక్క కూడా ఉండకూడదు, మెరిసే ఇనుము మీదే ప్రైమర్ పడాలి. మధ్యాహ్నానికి కాకా గీకడం, చిన్నమ్మ తుడవడం అయింది. నేను టార్చి పట్టుకుని సేనాపతి కోట చుట్టూ తిరిగినట్టు ట్యాంకు చుట్టూ తిరిగాను. మనిషి దూరే మూత పక్కన, నడుమెత్తులో, వెలుగు వాలుగా పడేసరికి కనిపించింది. చెయ్యి. పూర్తి చెయ్యి. తడి కూడా ఆరలేదు.

నా ఆనందం చెప్పనలవి కాదు. ఏడాదిన్నర ఉద్యోగంలో కాకా పనిలో నాకు దొరికిన మొదటి తప్పు. "కాకా! చెయ్యి పడ్డది!" అని సంగారెడ్డి దాకా వినపడేలా అరిచాను. పసుపు చాక్‌పీసు తీసి, పళ్లెమంత సున్నా చుట్టి, పక్కన నిలబడ్డాను. వెల్డర్లు ముసుగులు ఎత్తారు. అందరూ వచ్చారు.

కాకా వచ్చి చూశాడు. విచారణ అక్కర్లేకపోయింది. చిటికెనవేలు లోపలికి వంగి ఉంది.

"ఏందే ఇది?"

చిన్నమ్మ డ్రమ్ము మీద కూర్చుని ఉంది. పనివేళలో ఆమె కూర్చోగా అంతకుముందు నేను చూడలేదు. చేతి పేలిక ఒకటి విప్పి మొహం తుడుచుకుంటోంది. "లేవబోతే కాళ్లు గుంజినయి. జెర పట్టుకున్న," అంది.

"పట్టుకోనీకి గదొక్కటే దొరికిందా? పక్కన నేను లేనా? పద్నాలుగేండ్ల సంది చెప్పవడ్తి. గా చెయ్యికి బుద్ధి లేదా?"

"చెయ్యికి బుద్ధుంటే నీ చేతుల పెడ్తుంటినా మేస్తిరీ?"

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. కాకా నవ్వలేదు. మొదటిసారి ఆయన పరువు నా ముందు పోయింది మరి. టైము దాటిపోతోందని మిగతా ట్యాంకంతా ప్రైమర్ కొట్టేశాడు. నా చాక్‌పీసు సున్నా లోపలి చోటు మాత్రం వదిలేశాడు. మళ్లీ గీకి, మళ్లీ తుడిచి, నాకు మళ్లీ చూపించి కొట్టాలి. "రేపు పొద్దుగాల," అన్నాడు. సాయంత్రం ఆమె సైకిలు ఎక్కేటప్పుడు కూడా ఆయన మాట్లాడలేదు.

మర్నాడు ఇద్దరూ రాలేదు. జ్వరమన్నారు. సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకుపోయారన్నారు. చాలా రోజుల నుంచి జ్వరం లోపల్లోపలే ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడట. అయిదో రోజు చిన్నమ్మ పోయింది.

పిల్లలు లేరు. కర్మలన్నీ ఆయనే చేశాడు. పన్నెండు రోజులు గడిచాక ఒక పొద్దున షెడ్డు గేటు దగ్గర ఆ సైకిలు దగ్గింది. తల గుండు. మీసం లేదు. మీసం లేని కాకా ముఖం ఎంత చిన్నదో ఆ రోజు తెలిసింది. వెనక క్యారియరు ఖాళీ.

నేను ఇక్కడి నుంచి ఏదీ పెంచి చెప్పలేను. ఎంత ప్రయత్నించినా నా చేతిలో పెరగదు.

ట్యాంకు అక్కడే ఉంది. కంపెనీవాళ్ల నుంచి ఏవో బిగించే సామాన్లు రాక ఆగిపోయింది. ఆ రోజే అవి వచ్చాయి. "రేపు పొద్దున లారీ. ఆ వదిలేసిన ముక్క ఇవాళ అయిపోవాలి," అని మేనేజరు నాకు రెండుసార్లు చెప్పాడు. ఆ ముక్కను ఎవరూ ముట్టుకోలేదు. కాకా వదిలిన చోటును ఇంకొకరు పూర్తిచెయ్యడం మా షెడ్డులో లేదు.

ఆయన తీగల బ్రష్షు తీసుకుని ట్యాంకు దగ్గరికి పోయాడు. చాలాసేపు చప్పుడు రాలేదు. నేను వెళ్లి చూశాను.

చుట్టూ ఎర్ర ప్రైమర్. మధ్యలో పళ్లెమంత చోటు పల్చగా పసుపెక్కింది. ఆ పసుపు మీద ఎర్రగా, ముదురుగా, చెయ్యి. అరచేతిలో గీతలతో సహా. వేలి పగుళ్లు కూడా కనిపిస్తున్నాయి. చిటికెనవేలు లోపలికి వంగి ఉంది. కాకా దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. బ్రష్షు నేల మీద ఉంది.

"సారూ," అన్నాడు నా వైపు చూడకుండానే. "ఆమె ఎన్నడు పెట్టలే చెయ్యి. పద్నాలుగేండ్లల్ల ఒక్కనాడు పెట్టలే. ఆ పొద్దు పెట్టిందంటే కాళ్లు ఆగలే. జ్వరంతోటి లేవలేక ఇనుము పట్టుకున్నది. నేనేమన్న? చెయ్యికి బుద్ధి లేదా అన్న."

సున్నా నేను చుట్టింది.

"గుర్తు సూస్తే తొక్కు తిన్నడో, కల్లు తాగిండో చెప్పెటోన్ని. జ్వరం ఉన్నదని చెప్పలేకపోయిన."

"కాకా, అందరం ఉన్నం. ఎవరికీ తెలవలే."

"మీకెట్ల తెలుస్తది? రాత్రి పక్కన పండేది నేను." మెల్లగా అడిగాడు. "సారూ, దీన్ని గీకుత లేను. మందు రాస్త. నల్లగైతది, గని పోదు. దాని మీదనే ప్రైమర్ కొడ్త, ఆ పైన రంగు. లోపల ఉంటది. ఎవనికి కనవడదు. నువ్వు పాస్ అంటే అయిపాయె."

చదునైన ఇనుము మీద గీకకుండా మందు రాస్తానంటున్నది కాకా. అడుగుతున్నప్పుడు ఆయన గొంతు ఎంత తగ్గిందో చెప్పడానికి నాకు కొలత లేదు. కంపెనీ కాగితాల్లో అలా కుదరదు. రేపు ఎప్పుడైనా అక్కడ పొర లేస్తే సంతకం ఎవరిదని వెతుకుతారు. నా ఉద్యోగానికి ఏడాదిన్నర వయసు. నేను బయటికి పోయి, చెట్టు కింద నిలబడి, రెండు సిగరెట్లు కాల్చి వచ్చాను.

"రాయి కాకా," అన్నాను. "నేను పాస్ అంట. ఏమన్నా అయితే నాది."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. రెండు చేతులూ జోడించబోయాడు, నేను పట్టుకున్నాను. మందు డబ్బా తెచ్చాడు. చిన్న బ్రష్షు ముంచి, అంచుకు ఒత్తి, చిటికెనవేలు దగ్గరికి తీసుకుపోయాడు. వెంట్రుకవాసి దూరంలో ఆపాడు. ఒక చుక్క నేల మీద పడింది. ఇంకొకటి పడింది.

"ఏమైంది కాకా?"

"కాదు సారూ." బ్రష్షు వెనక్కి తీశాడు. "ఇది పిండి తుప్పు కాదు. పదిహేడు రోజులాయె, అడుగు పట్టింది. మందు పైపైననే తాగుతది. అడుగున బతికే ఉంటది. రెండు వానలు. పొంగుతది."

"పొంగితే పొంగనీ. నేను చెప్పిన గద, నాది అని."

"నీ నౌకరి గురించి కాదు సారూ." ఆయన గోటితో గుర్తు పక్కన, గుర్తుకు తగలకుండా, ఇనుము మీద తట్టాడు. "పొంగితే అక్కడ ఎవడో వస్తడు. మిషిన్ పట్టుకొని వస్తడు. వానికేం ఎరుక ఇదేందో? బీడీ నోట్ల పెట్టుకొని, గుర్రుమని, అర నిమిషంల లేపి పారేస్తడు." బ్రష్షును గుడ్డతో తుడిచాడు. "ఎవడో తీసుడు కన్న నేనే తీస్తే మంచిగుంటది."

నేను వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను. కావాలంటే ఆ రేకు ముక్క కోయించి ఇప్పిస్తానని కూడా అన్నాను. అయ్యే పనేనా అది? ట్యాంకుకు కన్నం పెట్టి ఎవరికి పంపుతాం? ఆయన వినలేదనుకుంటాను. మందు డబ్బాకు మూత పెట్టాడు. తీగల బ్రష్షును కాలితో పక్కకు జరిపాడు. "గిది గరుకు," అన్నాడు. అన్నిటికంటే మెత్తటి ఎమెరీ కాగితం తెచ్చి, చించి, నాలుగు ముక్కలు చేసుకుని, చేతులకు పేలికలు చుట్టుకుని కూర్చున్నాడు.

చిటికెనవేలి నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్క వేలు. పసిపిల్లకు నలుగు పెట్టేవాళ్లు కూడా అంత మెల్లగా రుద్దరు. మధ్యాహ్నం సద్ది గంట కొట్టారు, ఆయన లేవలేదు. మిగతావాళ్లు తినడానికి డ్రమ్ముల వైపు పోబోయి, ఏమనుకున్నారో, గేటు బయటికి పోయి తిని వచ్చారు. ఏదో గొణుక్కుంటున్నాడు. తిడుతున్నాడో, మాట్లాడుతున్నాడో వినడానికి నేను దగ్గరికి పోలేదు. అరచేతి మధ్యకు వచ్చేసరికి రెండు గంటలు దాటింది. బొటనవేలు చివర ఒక్కటి మిగిలినప్పుడు ఆపి, నీళ్లు తాగి వచ్చి, అది కూడా తీశాడు. థిన్నర్‌తో తుడవడం చిన్నమ్మ పని. అది కూడా ఆయనే చేశాడు.

"సారూ, ఇన్‌స్పెక్షన్," అని పిలిచాడు.

వెళ్లాను. టార్చి వేశాను. నిటారుగా వేశాను, వాలుగా వేశాను, కింద నుంచి వేశాను. ఆయన నా పక్కనే నిలబడి నా ముఖమే చూస్తున్నాడు. అంతకుముందు వందసార్లు అలా నిలబడ్డాడు, దమ్ముంటే తప్పు పట్టు అన్నట్టు. ఆ రోజు అలా కాదు.

"జెర మంచిగ సూడు సారూ. ఏమన్న మిగిలిందా?"

చూశాను. నా జీవితంలో దేన్నీ అంత వెతకలేదు. ఒక గీత, ఒక వేలి కొస, ఒక చిన్న నీడ దొరికినా చాలు అనుకున్నాను. దొరికితే చూపించేవాణ్ణి. కానీ చేసింది కాకా. ఆ పళ్లెమంత చోటు కొత్త ఇనుములా, ఎవరూ ఎన్నడూ ముట్టుకోనట్టు మెరుస్తోంది. ఇంకోసారి వాలుగా టార్చి వేశాను.

"చెప్పు సారూ," అన్నాడు. "గాలి మంచిగ లేదు. ప్రైమర్‌కు టైమైతాంది."

"ఏం లేదు కాకా," అన్నాను. "పాస్."

ఆయన తల ఊపి, కుంచె అందుకున్నాడు.